ఖర్జూరం చెట్టు మొదలు దగ్గర జిగురు కారుతుంటే ముందు ఎర్రముక్కు పురుగు కోసం వెతకండి

మీరు రెండు సంగతులు రాశారు. ఐదేళ్ల చెట్టు మొదట్లో గోధుమరంగు జిగురు కారుతోందని, కింది ఆకుల మీద నల్లటి గట్టి చుక్కలు వచ్చాయని, రెంటికీ ఏ మందు కొట్టాలని అడిగారు. ఆకుల సంగతి వారం ఆగినా ఫర్వాలేదండి. జిగురు సంగతి మాత్రం ఈరోజే చూడండి. నా తోటలోనూ అచ్చం ఇలాగే మొదలై, ఆ ఒక్క ఏడాదే నాలుగు చెట్లు పోయాయి.

మొదటి చెట్టుకి ఒక పిలక వాడితే నీళ్లు చాలట్లేదనుకుని తడులు పెంచాను. పది రోజుల తర్వాత ఆ పిలకను పట్టుకుని కాస్త కదిపితే చేతిలోకి ఊడి వచ్చేసింది. అది అతుక్కున్న చోట నమిలి ఉమ్మేసినట్టు తడి పీచు, పండ్లు పులిసిపోయిన వాసన. ఆ పీచు మధ్యలో బొటనవేలంత గూళ్లు, తాడు పేనినట్టు చుట్టుకుని ఉన్నాయి. పక్కనే కాళ్లు లేని, మీగడ రంగు, గోధుమరంగు తల ఉన్న బొద్దు పురుగులు కదులుతున్నాయి. అప్పటికీ పైన మొవ్వు పచ్చగానే ఉంది! అదే ఎర్రముక్కు పురుగు, దాంతో అసలు బాధ ఇదే. మాను లోపల గుల్లయ్యేదాకా పైకి ఏమీ తెలియదు, మొవ్వు వాలిందంటే ఇక ఆ చెట్టు దక్కనట్టే.

ఒక ఆడ పురుగు 200 నుంచి 300 దాకా గుడ్లు పెడుతుంది. పిలక కోసిన చోట, మట్ట నరికిన చోట, కొమ్ముపురుగు చేసిన కన్నంలో, ఎక్కడ పచ్చి గాయం ఉంటే అక్కడ. గాయం వాసనకే ఎగిరొస్తుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు అయ్యేసరికి ఇంచుమించు మూడు నాలుగు నెలలు, అదంతా మాను లోపలే. ఇరవై ఏళ్లలోపు లేత చెట్లంటే దానికి మరీ ఇష్టం. ఖర్జూరంలో ఎక్కువగా నేల నుంచి మీటరు ఎత్తులోపే, పిలకల చుట్టూ పడుతుంది కాబట్టి మీరు పైకెక్కి వెతకాల్సిన పని లేదు.

ముందు జిగురు కారే చోట ఎండు మట్టల మొదళ్లు, పొట్టు తీసేయండి. పదునైన ఉలితో మెత్తబడిన భాగాన్ని గట్టి కండ తగిలేదాకా చెక్కండి. కనిపించిన ప్రతి పురుగునీ, గూడునీ ఏరి చంపండి. మీ ప్రాంతంలో ఖర్జూరానికి అనుమతి ఉన్న మందును మానులోకి ఎక్కించాలి. ఆకుల మీద కొడితే లోపలున్న పురుగుకి తగలదు. విషవాయువు వదిలే మాత్రలు కన్నంలో పెట్టమని ఎవరైనా చెప్తే సొంతంగా ఆ పని చేయకండి, ప్రాణాలకే ప్రమాదం. శుభ్రం చేశాక గాయాన్ని మట్టితో మెత్తి మూసేయండి. ఇక ముందు పిలక తీసినా, మట్ట కోసినా, అదే రోజు మందు రాసి మూసేయాలి. ఆ పనులన్నీ చలికాలంలో పెట్టుకుంటే మేలు, అప్పుడు పురుగు తక్కువ తిరుగుతుంది.

మానులో సగానికి పైగా గుల్లయి ఉంటే చెట్టు మీద ఆశ వదులుకోక తప్పదు. నరికి గట్టు మీద పడేయకండి, నేను చేసిన రెండో తప్పు అదే. పడిపోయిన మానులోంచి కూడా పురుగులు వారాల తరబడి బయటికి వస్తూనే ఉంటాయి. ముక్కలు చేసి లోతుగా పాతేయండి, లేదా పూర్తిగా కాల్చేయండి.

లింగాకర్షక బుట్టలు, అంటే వాసనతో పురుగుల్ని రప్పించి పట్టే బుట్టలు, పనిచేస్తాయి, కానీ నేను వాటిని తోట నడిమధ్య పెట్టాను. బుట్ట దాకా వచ్చిన పురుగులు అన్నీ అందులో పడవు కదా, కొన్ని పక్కనున్న లేత చెట్ల మీద వాలాయి. తోట అంచున, నీడలో, లేత చెట్లకు దూరంగా పెట్టండి. ఎర వాసనతో పాటు లోపల పండ్లు, నీళ్లు ఉండాలి. నీళ్లు ఎండిపోతే బుట్ట ఉన్నా లేనట్టే.

పిలకలు ఎక్కడి నుంచి తెచ్చారో కూడా గుర్తు చేసుకోండి. దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లోని ఈ పురుగు 1980ల నడుమ గల్ఫ్ తోటల్లోకి చేరింది. అక్కడి నుంచి దేశం తర్వాత దేశానికి పాకడానికి పెద్ద కారణం, పురుగున్న చెట్లనీ పిలకల్నీ చూసుకోకుండా తరలించడమే.

ఇక నల్ల చుక్కలు. వేలితో రాస్తే గరుకుగా తగిలి, లోంచి పసుపు పొడి రాలితే అది గ్రాఫియోలా ఆకుమచ్చ తెగులు. తేమ ఎక్కువైతే ముదురు ఆకుల మీద వస్తుంది, చెట్టుని చంపదు. బాగా పట్టిన కింది మట్టలు తీసేసి రాగి మందు కొడితే చాలు. కోసిన గాయాల సంగతి మాత్రం మరవకండి. ఒకవేళ మట్టలో ఒక వైపు ఈనెలే మొదలు నుంచి చివరి దాకా తెల్లబడి ఎండుతుంటే అది వేరే కథ. మొరాకోలో లక్షల చెట్లను చంపిన బయూద్ తెగులు అలాగే మొదలవుతుంది. మీరు రాసినదాంట్లో ఆ లక్షణం లేదు, దాని గురించి టెన్షన్ పడకండి.

రేపు ఉదయం చప్పుడు లేని వేళ పక్క చెట్ల మొదళ్లకు కూడా చెవి ఆనించి వినండి, లోపల పురుగు కొరుకుతుంటే కరకరమని తెలుస్తుంది. పొట్టు తీశాక కన్నం ఎంత లోతు పోయిందో కొలిచి ఇక్కడ రాయండి, చెట్టుని ఉంచాలో తీసేయాలో దాన్ని బట్టి చెప్తాను.