షేర్ మార్కెట్ పడి, క్రూడ్ (ముడి చమురు) ధర దిగినా బెంగళూరులో పెట్రోల్ ఎందుకు తగ్గదు? షేర్లు లేనివాళ్లకి దీంతో ఏం పని?

2025 ఏప్రిల్ 7నే తీసుకోండి. ట్రంప్ సుంకాల భయంతో సెన్సెక్స్ ఒక్కరోజే 2,200 పాయింట్లకు పైగా పడింది, మాంద్యం వస్తే చమురు వాడకం తగ్గుతుందని క్రూడ్ కూడా దిగింది, సరిగ్గా అదే రోజు కేంద్రం పెట్రోల్, డీజిల్ మీద లీటరుకు 2 రూపాయల ఎక్సైజ్ సుంకం పెంచింది. బంకులో రేటు పెరగలేదు, తగ్గనూ లేదు. మనకి తగ్గాల్సింది పన్నులోకి పోయింది, అంతే. 2020 మేలోనూ ఇదే కథ, అప్పుడు ఎక్సైజ్ పెట్రోల్‌పై 10 రూపాయలు, డీజిల్‌పై 13 పెరిగింది.

2017 జూన్ నుంచి రేట్లు రోజూ మారాలి, కాగితం మీద. ఎన్నికల ముందు మాత్రం ఎందుకో కదలవు!

పైన రాష్ట్రం వాటా వేరే. 2024 జూన్‌లో కర్ణాటక పెట్రోల్‌పై అమ్మకం పన్ను 25.92 నుంచి 29.84 శాతం చేసింది, డీజిల్‌పైనా పెంచింది. బండి లేనివాళ్లకి కూడా ఇది తగులుతుంది, మదనపల్లె నుంచి టమాటా లారీలోనే కదా వచ్చేది.

షేర్లు లేకపోతే మార్కెట్ పడిన రోజు మీకేం కాదు, పీఎఫ్ వడ్డీ కూడా ఏడాదికోసారే ప్రకటిస్తారు. కానీ అమెరికా క్లయింట్లు ఖర్చు బిగిస్తే ఇక్కడ ఐటీలో కొత్త ఉద్యోగాలు ఆగుతాయి. మారతహళ్లి పీజీల్లో ఉన్న మనవాళ్లకి అసలు టెన్షన్ అదే.