దవడకు అల్ట్రాసౌండ్ పరికరాలు చేస్తానంటోంది, చేర్పించమంటారా?

ప్రశ్న: మా అమ్మాయిది బైపీసీ. ఒక ఏడాది లాంగ్ టర్మ్ చదివినా ఎంబీబీఎస్ సీటు రాలేదు, ప్రైవేటు కాలేజీలో బీడీఎస్ (దంతవైద్య కోర్సు) వస్తుంది. బీడీఎస్ అయితే సగం డాక్టరే కదా. మా బావమరిదికి బైకు ప్రమాదంలో దవడ విరిగి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి, ఎముక త్వరగా అతకడానికి వాడే అల్ట్రాసౌండ్ గురించి చదివి, బయోమెడికల్ ఇంజినీరింగ్ చేసి అలాంటి పరికరాలు తయారు చేస్తానంటోంది. మేము ఇంకో ఏడాది కోచింగ్ పెడదామనుకుంటున్నాం. బీడీఎస్, బయోమెడికల్‌లలో అసలు ఏది మేలు?
– ఒక తండ్రి, నల్గొండ

జవాబు: మీరు పోల్చి చెప్పమన్నది రెండు కోర్సులను. మీ ఉత్తరమంతా పరచుకున్నది మాత్రం ‘డాక్టరు కాకపోతే పిల్ల ఏమైపోతుందో’ అన్న బెంగ. ఏమీ కాదు. ఇలాంటి ఉత్తరాలు ప్రతి ఏటా ఇదే నెలలో వస్తాయి. ఎంబీబీఎస్ రాని పిల్లలు చక్కగా స్థిరపడటం చూస్తూనే ఉన్నాను.

ముందు అమ్మాయిని ఆకర్షించిన ఆ చికిత్స సంగతి. చాలా తక్కువ శక్తి గల ధ్వని తరంగాలను, విడతలు విడతలుగా, చర్మం మీద నుంచే రోజుకు 20 నిమిషాల పాటు పంపుతారు. చదరపు సెంటీమీటరుకు 30 మిల్లీవాట్లే కాబట్టి వేడి పుట్టదు. ఆ సన్నని అదురుకు ఎముక కణాలు స్పందించి పనిని వేగం చేస్తాయన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. అమెరికాలో 1994లోనే కొన్ని కొత్త విరుగుళ్లకు దీన్ని అనుమతించారు. కానీ 2016లో, కాలి ఎముక విరిగి ఆపరేషన్ అయిన 501 మందిపై జరిపిన పెద్ద పరీక్షలో, నిజమైన పరికరం వాడినవారికీ ఉత్తుత్తి పరికరం వాడినవారికీ తేడా కనిపించలేదు. మరుసటి ఏడాదే నిపుణుల బృందం ఒకటి దీన్ని వాడవద్దని గట్టిగా సిఫారసు చేసింది.

దవడ విషయంలో ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. చిన్న దవడను పెంచడానికి ఎముకను కోసి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున జరుపుతారు. తర్వాత కొత్త ఎముక గట్టిపడేదాకా వారాల తరబడి, అలా జరపడానికి బిగించిన పరికరాన్ని దవడకు ఉంచుకోవాలి. ఆ నిరీక్షణను అల్ట్రాసౌండ్ తగ్గిస్తుందేమోనని చూస్తున్నారు. అయితే అధ్యయనాలు చిన్నవి, చాలావరకు కుందేళ్లపై చేసినవి. ఇంత సందేహం ఉన్న ఒక్క చికిత్సను నమ్ముకుని కోర్సు ఎంచుకోవద్దని అమ్మాయికి నా మాటగా చెప్పండి. ‘ఇది నిజంగా పనిచేస్తుందా’ అని అడిగే బుద్ధి పుడితే మాత్రం, అది ఏ కోర్సులోనైనా అక్కరకొస్తుంది.

బయోమెడికల్ మీద ఇప్పుడున్న మోజు నాకు నచ్చడం లేదు. చాలా కాలేజీల్లో అది పేరు మార్చిన ఎలక్ట్రానిక్సే. ఆసుపత్రి ముఖం చూడకుండానే నాలుగేళ్లు గడిచిపోతాయి. చివరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగమో, యంత్రాల అమ్మకమో, మరమ్మతులో మిగులుతాయి. పరికరాన్ని రూపొందించే పని కావాలంటే ఎం.టెక్. దాకా వెళ్లక తప్పదు. హైదరాబాద్ ఐఐటీలో ఆ విభాగం ఉంది, ఎం.టెక్. ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో 2020 నుంచి ప్రత్యేక పేపరూ ఉంది. విశాఖలో మెడ్‌టెక్ జోన్ వచ్చాక పరికరాల తయారీ మన దగ్గరికీ చేరింది. దారి లేదనను. బైపీసీ పిల్లకు లెక్కల బరువు మాత్రం తప్పదు.

ఇక మీతో ఒక మాట, నొచ్చుకున్నా సరే. ‘బీడీఎస్ అయితే సగం డాక్టరే కదా’ అని రాశారు. ఆ మాట పిల్ల ముందు అనకండి. మీ బావమరిది దవడకు ప్లేట్లు బిగించిన సర్జన్ బీడీఎస్, ఆపైన మూడేళ్ల ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చదివిన వ్యక్తే అయి ఉండవచ్చు. మన దేశంలో దవడ సర్జరీకి ప్రధాన దారి అదే. ఒక ఏడాది కోచింగ్‌లో నలిగిన పిల్లను, ఆమె ఇష్టం ఒక్కసారైనా అడగకుండా మళ్లీ అదే గదిలోకి నెట్టడం మీ భయం తీరడానికే తప్ప ఆమె మేలు కోసం కాదు.

నా మొగ్గు బీడీఎస్ వైపు. మొదటి కొన్నేళ్లు సంపాదన తక్కువే, సొంత క్లినిక్‌కు పెట్టుబడి కావాలి. అందుకని ఫీజుకే ఉన్నదంతా ఊడ్చి అప్పుల పాలు కావద్దు. చేరేముందు అమ్మాయిని ఒక దవడ సర్జన్ దగ్గరికి తీసుకెళ్లి, ఆయన పని ఎలా ఉంటుందో ఆమెనే అడగనివ్వండి. మీరు బయట కూర్చోండి. అన్నీ చూశాక కూడా ఆమె పరికరాలే అంటే, ఆసుపత్రిలో శిక్షణ ఇప్పించే కాలేజీ ఏదో చివరి ఏడాది విద్యార్థులను అడిగి తెలుసుకుని అక్కడే చేర్పించండి.