రేల గింజ మొలవాలంటే కాల్చాలా?

సందేహం: మాది సిరోంచ దగ్గర అడవి అంచు ఊరు. గట్ల వెంట పెడదామని నిరుడు రేల గింజలు, టేకు కాయలు మడిలో పోశాను. రోజూ నీళ్లు పెట్టినా రేల మొలవలేదు, టేకు అంతంతమాత్రమే. ఎండాకాలం అడవిలో మంట పోయిన చోట మాత్రం తొలకరికి అవే మొక్కలు లేచాయి. గింజల మీద చెత్త వేసి కాల్చి విత్తితే మొలుస్తాయా?
– ఓ రైతు, గడ్చిరోలి జిల్లా

సలహా: మీరు చూసింది నిజమే. అయినా కాల్చొద్దు.

రేల కాయ పగలగొడితే అరకో గింజ, చుట్టూ నల్లటి జిగురు గుజ్జు. ఆ గింజను కడిగి రాత్రంతా నీళ్లలో వేసి చూడండి, పొద్దున్నకీ రాయిలాగే ఉంటుంది. పైపొర నీటి చుక్కను లోపలికి పోనివ్వదు. మీ మడిలో నీళ్లు తాగింది మట్టి ఒక్కటే! ఆకుచెత్త కాలినప్పుడు ఆ సెగకు ఈ పొర చిట్లుతుంది. అదీ అన్నిటికీ కాదు. నేల మీద పడున్నవి మాడిపోతాయి, జానెడు లోతున ఉన్నవాటికి సెగే తగలదు. మధ్యలో రెండు వేళ్ల లోతున ఉన్నవే దక్కుతాయి. గడ్డి, చెత్త కాలిపోయి ఎండ తగలడం కూడా మొలకకు కలిసొస్తుంది.

ఇంట్లో చేయాల్సింది తేలిక. గింజ కొన దగ్గర కాకుండా రెండో వైపు గరుకు రాయి మీద, లోపలి తెలుపు కనబడేదాకా రుద్ది, ఒక రోజు నానబెట్టండి. ఉబ్బినవి విత్తండి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దండి. గింజలు ఎక్కువుంటే, మరిగిన నీళ్లు పొయ్యి దించాక వాటి మీద పోసి చల్లారేదాకా వదిలేయొచ్చు. పొయ్యి మీదే ఉంచకండి. నేనొకసారి అలా మరిచిపోయి గుగ్గిళ్లు చేశాను.

టేకు సంగతి వేరు. కాయ మీద బొచ్చులాంటి మెత్తటి పొర, లోపల గట్టి టెంక. కాయల్ని గోనెసంచిలో కట్టి రాత్రి నీళ్లలో, పగలు ఎండలో, ఇలా పది పన్నెండు రోజులు చేసి విత్తండి. అప్పటికీ మొలకలు ఒక్కసారిగా రావు, మడిని తొందరపడి తవ్వేయకండి.

ఇప్పను మాత్రం ఈ లెక్కలో కలపొద్దు. దాని గింజకు ఎండే పడదు, ఇక మంట మాటెందుకు? కాయ పండి రాలిన వారంలోపే విత్తాలి. పువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు తగలబెడితే, కిందటేటి పిల్ల మొక్కలు కూడా పోతాయి. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1927 అటవీ చట్టం ప్రకారం నేరం కూడా.

రుద్దిన రేల గింజల్ని ఈసారి ముందు పాతిక సంచుల్లో పెట్టి చూసుకోండి.