ఆ 0.7 ఎక్కడిదని అడుగు పాపా

పాపా,

నిన్న మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. "చూడన్నా, చేతికొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతుందంట, క్వాంటమో గింటమో" అని. ఆమెకు సర్దిచెప్పి పెట్టేసినాక నాకూ నిద్ర పట్టలా. భయం సగం, గర్వం సగం. మన ఇంట్లో ఎస్వీ యూనివర్సిటీ గేటు దాటినోళ్లు ఎవురున్నారు?

లెక్కలు రోజూ చెయ్యి. హాస్టల్ తిండి బాగలేదని కడుపు మాడ్చుకోవద్దు. లేజర్‌కు ఎదురుగా కన్ను పెట్టొద్దు. కరెంటున్న సర్క్యూట్ ముట్టేటప్పుడు ఎడమ చెయ్యి జేబులో ఉండాల. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది. చుడీదారుకు జేబు లేదంటావేమో, కుట్టించుకో. నవ్వద్దు, నిజంగానే చెప్తా ఉండా.

ఇంక నేను చేసిన తప్పు ఒకటి చెప్తా. మీ అమ్మకు కూడా తెలీదు.

1979 ఎండాకాలం. చిత్తూరులో అంగడి పెట్టిన కొత్త. గంగాధర నెల్లూరు దోవలోని పల్లె నుంచి ఒక జేజి రేడియో తెచ్చింది. పొద్దున బాగా పాడుతుందంట, మధ్యాహ్నానికి గొంతు పూడుకుపోతుందంట. తెరిస్తే లోపల శబ్దం పెంచే ఏసీ 128 ట్రాన్సిస్టర్లు రెండు, జెర్మేనియంవి. వేడెక్కితే అవి లీకవుతాయని మెకానిక్కులందరికీ తెలుసు. సిలికాన్‌వి ఎండకు తట్టుకుంటాయి కదా అని వాటిని పీకేసి వీటిని అతికించినా. గట్టిగా పెడితే బ్రహ్మాండం. మెల్లగా పెడితే గరగర, మాట ముక్కలు ముక్కలు. నాకు అర్థం కాలా. ఆ మాట చెప్పడానికి నామోషీ. స్పీకర్ పోయిందని చెప్పి కొత్తది వేసి, డబ్బు తీసుకున్నా. అప్పుడూ గరగరే. "గట్టిగా పెట్టుకో జేజీ" అని పంపించేసినా.

తర్వాత ఎప్పుడో అంగడికొచ్చిన ఒక ఫిజిక్స్ లెక్చరరుకు ఈ సంగతి చెప్తే, సిగరెట్ పెట్టె అట్ట మీద రెండు గీతలు గీసినాడు. కింద గీత దగ్గర ఎలక్ట్రాన్లు కట్టుబడి ఉంటాయి, పై గీత దగ్గర తిరుగుతాయి. నడుమ సందులో నిలిచే చోటే లేదు. శక్తిని కొలిచే లెక్కలో జెర్మేనియంలో ఆ సందు 0.67 ఎలక్ట్రాన్ వోల్టులు, సిలికాన్‌లో 1.1. సందు చిన్నదైతే మే నెల వేడికే ఎక్కువ ఎలక్ట్రాన్లు ఎగిరి అవతల పడతాయి, మేము లీకేజీ అనేది దాన్నే. సందు పెద్దదైతే ట్రాన్సిస్టర్ తెరుచుకోవడానికే 0.7 వోల్టు దాకా కావాల. జెర్మేనియంకు సరిపడా కట్టిన పాత సర్క్యూట్ ఇచ్చేది 0.2. చిన్న శబ్దం వాకిట్లోనే ఆగిపోయింది.

ఆ సందు ఎక్కడిదని అడిగినా. ఎలక్ట్రాన్ స్ఫటికంలో అల మాదిరి నడుస్తుంది, దానికి కొన్ని శక్తులే చెల్లుతాయి, ష్రోడింగర్ అనే శాస్త్రవేత్త 1926లో రాసిన క్వాంటం సమీకరణం నుంచే ఆ లెక్క తేలుతుందన్నాడు. 1947లో ట్రాన్సిస్టర్ చేసినోళ్లు ఈ సందు సంగతి తెలిసినోళ్లేనంట. నేను దాన్ని తెలీకుండానే సోల్డర్ పెట్టి బతికినా.

0.7 అందేట్టు రెండు రెసిస్టర్లు మార్చి, స్పీకర్ డబ్బు ఇచ్చేసొద్దామని ఆ పల్లెకు పోయినా. మంచాన పడిన ముసలాయన కోసం రాత్రిళ్లు మెల్లగా కడప స్టేషన్ పెట్టేదంట జేజి. అప్పటికే ఆయన లేడు. ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది.

నువ్వు ఫెయిలవుతావని నాకు భయం లేదు పాపా. సమీకరణం బట్టీకొట్టి, జవాబు కలిసింది కదా అని పేజీ తిప్పేస్తావని భయం. ఎర్ర ఎల్ఈడీ ఒకటి, నీలం ఒకటి కొను. 9 వోల్టుల బ్యాటరీ, 1 కిలో ఓమ్ రెసిస్టర్‌తో వెలిగించి మీటర్ పెట్టి చూడు. ఎర్రదాని మీద 1.8 వోల్టుల దగ్గర చూపిస్తుంది, నీలం మీద 3 దగ్గర. ఎందుకో నాకు ఉత్తరం రాయి. ఆ నీలం వెలుగుకే జపాన్‌లో పుట్టిన ముగ్గురికి 2014లో నోబెల్ వచ్చింది. దాని మీద పసుపు పూత పూస్తేనే మన వంటింటి తెల్ల బల్బు.

మీ అమ్మతో వాదించొద్దు. ఆమె ఏడ్చిన ఫోన్లోనే వందల కోట్ల ట్రాన్సిస్టర్లున్నాయి, అన్నీ ఆ సందు పుణ్యాన పనిచేసేవే. నేను చెప్తే నమ్మలా, నువ్వు చెప్పి చూడు. మీ చిన్నమ్మ ఒంటికి మంచిదని మెళ్లో వేసుకున్న క్వాంటం లాకెట్‌కూ నీ చదువుకూ సంబంధం లేదని కూడా మెల్లగా చెప్పు, ఆమె మనసు నొప్పించకుండా.

సోమవారం మీ అమ్మ వస్తా ఉంది, నా మీటర్ ఇచ్చి పంపిస్తా. నల్ల వైరుకు అతుకుంది, గట్టిగా లాగొద్దు.

నీ మామ