ఎక్సెల్ ఫైళ్లు, పైథాన్: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే పని గురించి ఉన్నాయి. ఆఫీసు ఎక్సెల్ ఫైళ్లను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో చదవడం, మళ్లీ రాయడం. అడిగినవాళ్లలో ఎక్కువమంది లెక్కలు చూసేవాళ్లే. నేను కూడా విశాఖ పోర్టు పనులు చేసే ఒక క్లియరింగ్ ఏజెన్సీలో ఏళ్ల తరబడి బిల్లులు రాసినదాన్ని. ఇప్పుడు సాయంత్రాలు ద్వారకానగర్‌లో ఎకౌంట్స్ వాళ్లకు పైథాన్ నేర్పుతున్నాను. అందుకే ఈ ఉత్తరాలు నాకు బాగా దగ్గరగా అనిపించాయి. అందరూ వాడుతున్నది ఓపెన్‌పైఎక్సెల్ (openpyxl) లైబ్రరీ, అంటే ఎక్సెల్ ఫైళ్లు చదివి రాయడానికి ముందే రాసిపెట్టిన కోడ్. కొందరు పట్టికల పనికి పాండాస్ (pandas) అనే లైబ్రరీ కూడా వాడుతున్నారు. జవాబులు వాటికి తగ్గట్టే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది లేబర్ కాంట్రాక్టర్ ఆఫీసు. జీతాల సమయంలో వర్కర్ల ఖాతా నంబర్లు, మొత్తాలు బ్యాంకు ఇచ్చిన ఫార్మాట్‌లోకి మార్చి పంపాలి. చేత్తో చేస్తే రోజంతా పడుతోందని పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. కానీ కొన్ని ఖాతా నంబర్ల చివరి అంకె సున్నా అయిపోయింది. కొన్నింటికి ముందున్న సున్నాలు పోయాయి. ఓపెన్‌పైఎక్సెల్ తప్పుగా చదువుతోందా మేడం? ఒకరి జీతం ఇంకొకరికి పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీ టెన్షన్‌లో అర్థం ఉందమ్మా. అన్నీ సరిచూసుకునే దాకా ఆ ఫైలు బ్యాంకుకు పంపకండి. బ్యాంకుల మధ్య డబ్బు పంపే నెఫ్ట్‌లో జమయ్యేది ఖాతా నంబర్ని బట్టే. పేరు సరిగ్గానే ఉంది కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

తప్పు లైబ్రరీది కాదు. మీ ప్రోగ్రాం ఆ ఫైలు తెరవకముందే, ఎక్సెల్‌లో ఎవరో నంబరు టైపు చేసి ఎంటర్ కొట్టినప్పుడే ఆ అంకె పోయింది. ఎక్సెల్ ఏ సంఖ్యనైనా 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. 16వ అంకె నుంచి అన్నీ సున్నాలే. డబ్బు లెక్కలకు 15 అంకెలు ధారాళంగా చాలు. కానీ ఖాతా నంబరు మనం కూడేదీ కాదు, తీసేసేదీ కాదు. చూడటానికి అంకెలే అయినా అది పేరు లాంటిది. ఎక్సెల్‌కు ఆ సంగతి తెలియదు, అంకెలు కనబడగానే సంఖ్య అనుకుంటుంది. ముందున్న సున్నాలు పోవడానికీ ఇదే కారణం. సంఖ్యకు ముందు సున్నాకు విలువ లేదు కదా. పోర్టులో మాకు కంటైనర్ నంబర్లతో ఈ బాధ ఎప్పుడూ లేదు. అవి నాలుగు అక్షరాలతో మొదలై ఏడు అంకెలతో ముగుస్తాయి, కాబట్టి ఎక్సెల్ వాటిని టెక్స్ట్‌గానే ఉంచుతుంది. పైగా చివరి అంకె చెక్ డిజిట్. ముందున్న పదింటిని బట్టి దాన్ని లెక్కకట్టి, ఎక్కడైనా పొరపాటుగా రాశామేమో పట్టుకోవచ్చు. మీ జాబితాలో అలాంటి సౌకర్యం లేదు కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఖాతా నంబర్ల కాలమ్‌లో ప్రతి సెల్‌నూ చదివి, దాని విలువ పైథాన్‌కు టెక్స్ట్‌గా వచ్చిందా, సంఖ్యగా వచ్చిందా చూడండి. టెక్స్ట్‌గా వస్తే ఎక్సెల్ దాన్ని ముట్టుకోలేదని అర్థం, దాన్ని అలాగే వాడుకోవచ్చు. సంఖ్యగా వచ్చి 15 అంకెలో అంతకంటే తక్కువో ఉంటే అంకెలు భద్రంగానే ఉన్నాయి, ముందు సున్నాలు మాత్రం పోయి ఉండవచ్చు. ఆ బ్యాంకు ఖాతా నంబరు ఎన్ని అంకెలో మీకు ఖచ్చితంగా తెలిస్తే, పైథాన్‌లోని జెడ్‌ఫిల్ (zfill) అన్ని అంకెలు వచ్చేదాకా ముందు సున్నాలు చేరుస్తుంది. సంఖ్యగా వచ్చి 16 అంకెలో అంతకు మించో ఉంటే మాత్రం ఆ నంబర్ని ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేదు. పాస్‌బుక్కు జిరాక్సు తెప్పించుకుని మళ్లీ ఎక్కించాల్సిందే. నిజంగానే సున్నాతో ముగిసే నంబర్లూ ఉంటాయి కదా అంటారేమో. అవీ ఇవీ ఒకేలా కనిపిస్తాయి, విడదీయలేం. కాబట్టి అన్నీ చూడాలి.

ఇంకో చిక్కు ఉంది. కొందరు సెల్‌కు ఫార్మాట్ పెట్టి ముందు సున్నాలు కనబడేలా చేస్తారు. తెర మీద సున్నా కనిపిస్తుంది, ఫైల్లో ఉండదు. లైబ్రరీ చదివేది ఫైల్లో ఉన్నదాన్నే. కళ్లతో చూసి సరిపెట్టుకోకుండా ప్రోగ్రాంతో రకం చూడమన్నది అందుకే.

రాసేటప్పుడు ఖాతా నంబర్ని స్ట్రింగ్‌గానే, అంటే టెక్స్ట్‌గానే సెల్‌లో పెట్టండి. పైథాన్‌కు అంకెల పరిమితి లేదు కాబట్టి 16 అంకెల పూర్ణసంఖ్యను పెట్టినా ఫైల్లోకి సరిగ్గానే వెళ్తుంది. కానీ ఎక్సెల్ తెరవగానే మళ్లీ అదే 15 అంకెల కత్తిరింపు. స్ట్రింగ్ పెట్టాక ఆ సెల్ నంబర్ ఫార్మాట్‌ను '@' అని మార్చండి. అది టెక్స్ట్ సెల్ అని గుర్తు. రేపెవరైనా ఆ సెల్‌లో నంబరు దిద్దినా టెక్స్ట్‌గానే ఉంటుంది. తెరిచినప్పుడు సెల్ మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపించవచ్చు. దాని మీద నొక్కితే సంఖ్యగా మార్చమంటారా అని అడుగుతుంది. మార్చవద్దు. మీ ఆఫీసులో ఆ ఫైలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చెప్పండి.

పాండాస్ వాడితే ఫైలు చదివేటప్పుడే డీటైప్ (dtype) దగ్గర స్ట్రింగ్ (str) అని ఇవ్వండి. అలా ఇవ్వకపోతే, కాలమ్‌లో ఒక్క సెల్ ఖాళీగా ఉన్నా మిగతా సంఖ్యలన్నీ దశాంశాలుగా మారతాయి. ఫోన్ నంబర్ల చివర చుక్క, సున్నా కనిపించేది అందుకే.

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యలు, చేపలు కొనే వ్యాపారి వద్ద లెక్కలు రాస్తాను. షీట్‌లో తూకం, రేటు టైపు చేస్తాం, మొత్తం ఫార్ములాతో వస్తుంది. పైథాన్‌తో చదివితే మొత్తం బదులు ఫార్ములానే వస్తోంది. డేటా ఓన్లీ అని పెడితే కొన్ని ఫైళ్లకు సరిగ్గా వస్తోంది, కొన్నింటికి నన్ (None, అంటే విలువ లేదు) అని వస్తోంది. అలాగే మొత్తాలకు మన లక్షల కామాలు ఎలా పెట్టాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఓపెన్‌పైఎక్సెల్ లెక్కలు చేయదండీ. ఫైలు చదువుతుంది, రాస్తుంది, అంతే. ఎక్సెల్ ఒక ఫైలును సేవ్ చేసినప్పుడు ఫార్ములాతో పాటు అప్పటికి వచ్చిన జవాబును కూడా పక్కనే దాస్తుంది. డేటా ఓన్లీ అని పెడితే లైబ్రరీ ఆ దాచిన జవాబును తీసి ఇస్తుంది. మీకు నన్ వస్తున్న ఫైళ్లు బహుశా ప్రోగ్రాం తయారు చేసినవి, ఎక్సెల్‌లో ఒక్కసారి కూడా తెరిచి సేవ్ చేయనివి. జవాబు ఎవరూ లెక్కకట్టలేదు కాబట్టి దాచిందేమీ లేదు. అలాంటి ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే సరిపోతుంది. ఫైళ్లు చాలా ఉంటే లిబ్రెఆఫీస్‌ను తెర తెరవకుండా కమాండ్‌తో నడిపి మళ్లీ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా (ఇప్పటి ఎక్సెల్ ఫైలు రకం, .xlsx) మార్చుకోవచ్చు. విలువ లేని ఫార్ములాలను అది లెక్కకడుతుంది. మీ విషయంలో మాత్రం అంత అవసరం లేదు. తూకం, రేటు రెండూ చేతిలో ఉన్నాయి, పైథాన్‌లోనే గుణించుకోండి. పాత జవాబు పట్టుకున్నామేమో అన్న అనుమానం కూడా ఉండదు.

ఒక్క ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. డేటా ఓన్లీతో తెరిచిన ఫైలును అదే పేరుతో సేవ్ చేస్తే ఫార్ములాలన్నీ పోయి ఉత్త అంకెలే మిగులుతాయి. మామూలుగా తెరిచి సేవ్ చేసినా షీట్ మీద గీసిన షేపులు, టెక్స్ట్ బాక్సులు పోతాయి, ఎందుకంటే ఈ లైబ్రరీ ఎక్సెల్ ఫైల్లో ఉండే ప్రతిదాన్నీ చదవదు. మాక్రోలు, అంటే ఎక్సెల్‌లోనే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములున్న ఫైలైతే తెరిచేటప్పుడు కీప్ వీబీఏ (keep_vba) అని విడిగా చెప్పాలి. యజమాని నమ్మి ఇచ్చిన లెక్కల ఫైలు అది. అసలు ఫైలు జోలికి పోకుండా ప్రతిసారీ కొత్త పేరుతో సేవ్ చేయండి.

లక్షల కామాలకు నంబర్ ఫార్మాట్‌గా ఇది ఇవ్వండి: [>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
కోటి దాటితే ఒక పద్ధతి, లక్ష దాటితే ఒకటి, అంతకు తక్కువైతే మామూలుది. పైథాన్‌లో ఆ వెనక్కి వాలిన గీతలు చెడకుండా రా స్ట్రింగ్‌గా, అంటే కొటేషన్ ముందు r పెట్టి రాయాలి. మైనస్ మొత్తాలకు మాత్రం ఇది లక్షల కామాలు పెట్టదు.

ప్రశ్న: బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారి దగ్గర పని చేస్తాను. సరుకు వచ్చిన తేదీల కాలమ్ చదివితే కొన్ని తేదీలుగా, కొన్ని టెక్స్ట్‌గా, కొన్ని 45748 లాంటి అంకెలుగా వస్తున్నాయి.
— ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: 45748 అంటే 2025 ఏప్రిల్ 1. ఎక్సెల్ తేదీని రోజుల సంఖ్యగా దాస్తుంది, 1900 జనవరి 1ని ఒకటో రోజు అనుకుని లెక్కపెడుతుంది. సెల్‌కు తేదీ ఫార్మాట్ ఉంటే ఓపెన్‌పైఎక్సెల్ దాన్ని తేదీగా ఇస్తుంది, లేకపోతే అంకెనే ఇస్తుంది. ఆ లైబ్రరీలోనే ఫ్రమ్ ఎక్సెల్ అనే ఫంక్షన్ ఉంది, అది అంకెను తేదీగా మారుస్తుంది. వీటితో పెద్ద కష్టం లేదు.

నాకు భయం వేస్తున్నది మీ కాలమ్‌లో తేదీలు, టెక్స్టు కలిసి ఉండటం చూసి. ఆ కంప్యూటర్‌లో విండోస్ రీజియన్ అమెరికాదిగా ఉండి ఉంటుంది. అప్పుడు ఎక్సెల్ నెలను ముందు, రోజును తర్వాత చదువుతుంది. మీరు 15/04/2025 అని కొడితే 15వ నెల లేదు కాబట్టి దాన్ని టెక్స్ట్‌గా వదిలేస్తుంది. 03/04/2025 అని కొడితే మార్చి 4 అని రాసుకుంటుంది. అంటే టెక్స్ట్‌గా వచ్చినవే నికరమైనవి, చక్కగా తేదీలుగా వచ్చినవాటిలోనే రోజూ నెలా తారుమారై ఉండవచ్చు. టెక్స్ట్ తేదీలన్నింటిలో రోజు 12కు పైనే ఉందేమో చూడండి. అలా ఉంటే ఈ అనుమానం నిజమే. చిట్టా పుస్తకంతో నాలుగైదు తేదీలు పోల్చి చూశాక, తేదీలుగా వచ్చినవాటికి రోజునూ నెలనూ ప్రోగ్రాంతో మార్చండి. ఆ తర్వాత రీజియన్‌ను ఇండియాకు మార్చండి.

ప్రశ్న: పిల్లల పేర్లు తెలుగులో ఉన్న ఎక్సెల్ ఫైలు పైథాన్‌తో చదివితే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఎక్సెల్‌లో తెలుగు బాగానే కనిపిస్తోంది.
— ఒక టీచర్, భీమిలి

జవాబు: మాస్టారూ, ఆ పేర్లు అను ఫాంట్లలో టైపు చేసి ఉంటారు. డీటీపీ సెంటర్లలో చేయించిన పాత జాబితాలు ఎక్కువగా అలాగే ఉంటాయి. ఆ ఫైల్లో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంటు వాటిని తెలుగు ఆకారంలో చూపిస్తుంది. పైథాన్‌కు ఫాంటుతో పని లేదు కాబట్టి ఉన్నవి ఉన్నట్టు ఇచ్చింది. ఆ సెల్‌ను మామూలు ఫాంటుకు మార్చి చూడండి, అవే గుర్తులు కనిపిస్తాయి. అను నుంచి యూనికోడ్‌కు, అంటే ఏ ఫాంటులోనైనా తెలుగుగానే ఉండే అక్షరాలకు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, వట్రుసుడి ఉన్న పేర్లను ఒక్కొక్కటిగా చదివి దిద్దండి. పిల్లల పేర్లు కదా, సర్టిఫికెట్ దాకా వెళ్తాయి.

యూనికోడ్ తెలుగు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైల్లో ఏ ఇబ్బందీ లేకుండా నిలుస్తుంది. సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా) రాస్తే మాత్రం ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ (utf-8-sig) అని ఇవ్వండి. లేకపోతే ఎక్సెల్‌లో తెరిచినప్పుడు తెలుగు చెడిపోయి కనిపిస్తుంది.

ప్రశ్న: ఇంజనీరింగ్ ప్రాజెక్టుకు సెన్సర్ రీడింగుల ఫైలు 50 ఎంబీ ఉంది. ఓపెన్‌పైఎక్సెల్‌తో తెరిస్తే ల్యాప్‌టాప్ ఆగిపోతోంది. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లయితే అసలు తెరుచుకోవడం లేదు.
— ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: ఓపెన్‌పైఎక్సెల్ ఫైలు సైజుకు దాదాపు 50 రెట్లు మెమరీ తీసుకుంటుందని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. మీ 50 ఎంబీ ఫైలుకు సుమారు 2.5 జీబీ అవుతుంది. రీడ్ ఓన్లీతో తెరిచి వరుస తర్వాత వరుస చదువుకుంటూ వెళ్లండి, పని అయ్యాక క్లోజ్ చేయడం మరిచిపోవద్దు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌ను ఈ లైబ్రరీ చదవదు, దానికి ఎక్స్‌ఎల్‌ఆర్‌డీ కావాలి. ఆ ఎక్స్‌ఎల్‌ఆర్‌డీ 2.0 నుంచి పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌ను మాత్రమే చదువుతుంది, కాబట్టి కొత్త ఫైళ్లను దానితో చదవమనే పాత పాఠాలు ఇప్పుడు పనికిరావు.

ఫలితాలను మాత్రం పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌లో రాయకండి. అందులో ఒక షీట్‌కు 65,536 వరుసలే పడతాయి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో 10,48,576 పడతాయి. 2020లో ఇంగ్లండ్‌లో పాత ఫార్మాట్ షీట్లు నిండిపోయి 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు లెక్కలోకి రాకుండా ఆగిపోయాయి. ఆ రోగులకు దగ్గరగా మెలిగినవాళ్లకు సమయానికి కబురు అందలేదు. రాసిన ప్రతిసారీ ఎన్ని వరుసలు ఇచ్చారో, ఫైల్లో ఎన్ని ఉన్నాయో పోల్చి చూసే రెండు లైన్లు ప్రోగ్రాంలో పెట్టుకోండి.

ప్రశ్న: కలిపేసిన సెల్స్ చదివితే మొదటి వరుసలోనే విలువ వస్తోంది, మిగతావన్నీ నన్.
— ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: కలిపిన సెల్స్‌లో ఎడమ పైమూల సెల్‌లో మాత్రమే విలువ ఉంటుంది. పాండాస్‌లో ఎఫ్‌ఫిల్ వాడితే పై విలువను కింది ఖాళీల్లో నింపుతుంది. నిజంగా ఖాళీగా ఉండాల్సిన సెల్స్‌ను కూడా నింపేస్తుంది, కాబట్టి కలిపిన కాలమ్‌కు మాత్రమే వాడండి.

ప్రశ్న: ప్రోగ్రాం నిన్నటిదాకా బాగానే నడిచింది. ఈరోజు సేవ్ దగ్గర పర్మిషన్ ఎర్రర్ వస్తోంది.
— ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: ఆ ఫైలు ఎక్సెల్‌లో తెరిచి ఉందేమో చూడండి. మీ కంప్యూటర్లో లేకపోతే, షేర్డ్ ఫోల్డర్ అయితే పక్క సీటులోనైనా తెరిచి ఉండవచ్చు. మూసేసి మళ్లీ నడపండి. ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ చదివే ప్రోగ్రాం అయితే ~$ తో మొదలయ్యే ఫైళ్లను వదిలేయమని రాయండి. ఫైలు తెరిచి ఉన్నంతసేపూ ఎక్సెల్ పెట్టుకునే తాత్కాలిక ఫైళ్లు అవి.