ఆ తేనె రంగు పిడి చాకును ముందు బయటికి తియ్యి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, నీ మేనకోడలు జేబులో చాకు లేకుండా గుమ్మం దాటడం లేదు. పైగా పాత చాకులు కొని పోగేస్తోంది. నీ పోలికే వచ్చింది, నువ్వే మాన్పించు" అంది. మాన్పించనని చెప్పేశాను. ఫోన్ పెట్టేశాక ఎంత సంతోషం వేసిందో నీకు చెప్పలేను. ఈ ఇష్టం నాతోనే ఆగిపోతుందనుకున్నాను. తర్వాత అమ్మ పంపిన ఫొటో తెరిచి చూశాను. ఇక నిద్ర పట్టలేదు.

ఫొటోలో గాజు మూత ఉన్న పెట్టె, లోపల ఎర్ర మఖ్మలు గుడ్డ, దాని మీద ఏడు చాకులు. కింది వరుసలో చివరిదాని పిడి తేనె రంగులో, లోపలి ఇత్తడి రేకు కనిపించేలా మెరుస్తోంది. అదే నా భయం. ఆ పిడిని బొటనవేలితో కాస్త వేడెక్కేదాకా గట్టిగా రుద్ది వాసన చూడు. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్, అంటే పాతకాలపు ప్లాస్టిక్. వెంటనే బయటికి తీసి, గాలి ఆడే చోట, మిగతావాటికి దూరంగా పెట్టు. ఎవరైనా సూది కాల్చి గుచ్చి చూడమంటారు. ఆ పని మాత్రం చెయ్యకు, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. ముందు ఇది చూసుకో, ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు.

రోజూ వెంట ఉంచుకోవడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, సగం నీకు తెలిసే ఉంటుంది. విమానం ఎక్కేటప్పుడు చేతి సంచిలో పెట్టకు, చెక్-ఇన్ పెట్టెలో వెయ్యి. కోర్టుకి, స్కూలుకి తీసుకెళ్లకు. చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. బ్రిటన్‌లో లాక్ పడని, బ్లేడు అంచు మూడు అంగుళాలు దాటని మడత చాకుకు కారణం అడగరు, లాక్ పడేదైతే అడుగుతారు. ఎక్కడికి వెళ్తున్నా అక్కడి సంగతి ముందే కనుక్కో. జేబులో తాళాలతో కలిపి వెయ్యకు.

వేళ్ల గురించి మాత్రం ఇంకో మాట చెప్పాలి. ఈ పాత తరహా చాకులకు లాక్ ఉండదు. వెనక ఉన్న స్ప్రింగు నొక్కి పట్టడం వల్లే బ్లేడు నిలబడుతుంది. అంచుతో కోస్తున్నంతసేపూ భయం లేదు. మొనతో పొడిచినా, దేన్లోనో దూర్చి మెలి తిప్పినా అది నీ వేళ్ల మీదకే మూసుకుంటుంది. డబ్బా మూతలు పెకలించడానికి ఇంకేదైనా వాడు. నీ ఒపినెల్‌కు, అదే ఆ ఫ్రెంచి మడత చాకుకు, 1955 నుంచి వస్తున్న లాక్ ఉంగరం ఉంది కాబట్టి దానితో కొంత నయం, కానీ ఆ ఉంగరం తిప్పితేనే లాక్ పడుతుంది. దాని చెక్క పిడి తడిస్తే ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతుంది. అప్పుడు గోరుతో పీకకు. ఉంగరం తెరిచి ఉంచి, పిడి వెనక కొసను బల్ల మీద ఒకసారి గట్టిగా కొట్టు, బ్లేడు కొంచెం పైకి లేస్తుంది. బిగుసుకున్న చాకును పీకబోయి ఎడమ చూపుడు వేలు తెగ్గోసుకున్నాను. ఇప్పటికీ చలి పెడితే ఆ వేలి కొస తిమ్మిరెక్కుతుంది. నీ వేళ్లు నాకు గుర్తే, సన్నగా అచ్చం అమ్మమ్మ వేళ్లలా ఉంటాయి. జాగ్రత్త తల్లీ.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

నీకు పదేళ్లప్పుడు తాతయ్య చాకు ఏదని అడిగావు, గుర్తుందా? ఇల్లు మారినప్పుడు పోయిందని చెప్పాను. పోలేదు. నేనే పాడు చేశాను.

రెండు బ్లేళ్ల చాకు అది. ఎముక పిడి, రెండు కొసలా తెల్లటి లోహపు తొడుగులు, పెద్ద బ్లేడు మొదట్లో చాకులకు పేరుపడ్డ ఇంగ్లండు ఊరు షెఫీల్డ్ ముద్ర. నాన్న దాన్ని ముప్పై ఏళ్లు జేబులో మోశాడు. పెన్సిలు చెక్కినా పండు కోసినా, పని అయ్యాక బ్లేడును చొక్కా అంచుకి ఒక్కసారి తుడిచి మూసేవాడు. మూసినప్పుడు టక్కుమనేది. పక్క గదిలో ఆ చప్పుడు వింటే నాన్న పని అయిపోయిందని మాకు తెలిసేది. ఆయన పోయాక చాకు నాకు వచ్చింది. అప్పటికి నా దగ్గర పదమూడు ఉన్నాయి, అది పద్నాలుగోది. అంత విలువైనదాన్ని జేబులో మోసి అరగదీయకూడదనుకున్నాను. తేమ తగలకూడదని మూతకి రబ్బరు ఉన్న రేకు డబ్బా తెచ్చాను. అన్నీ అందులో పేర్చి, నాన్న చాకు పక్కన నాకు బాగా నచ్చిన ఇంకోదాన్ని పెట్టాను. తేనె రంగు పిడిది, అచ్చం నీదానిలాంటిది. మూత బిగించి, ఉద్యోగం మీద వేరే ఊరు వెళ్లాను. రెండేళ్లు ఆ డబ్బా ముట్టుకోలేదు.

తిరిగొచ్చి మూత తీయగానే ముక్కులో సూదులు గుచ్చినట్టు ఘాటు కొట్టింది. తేనె రంగు పిడి నెర్రెలు విచ్చి, కొసల్లో జిగురుగా కరిగి, గుడ్డకి అంటుకుపోయి ఉంది. దాని బ్లేడు నల్లబడింది. చుట్టూ ఉన్నవాటి ఇత్తడికి పచ్చగా చిలుము పట్టింది. నాన్న చాకు దానికి ఆనుకునే ఉంది కదా, అన్నింటికన్నా దానికే ఎక్కువ నష్టం. చిన్న బ్లేడు కదలనే లేదు. పెద్దది తెరిస్తే తుప్పు పొరలుగా రాలింది. కింద ఉక్కు ఆవగింజలంత గుంటలు పడి ఉంది.

ఎందుకలా అయిందో చాలాకాలానికి తెలుసుకున్నాను. సెల్యులాయిడ్ అంటే నైట్రో సెల్యులోజులో కర్పూరం కలిపి చేసినది. ఏళ్లు గడిచేకొద్దీ అది విరిగిపోతూ నైట్రోజన్ ఆక్సైడ్ ఆవిర్లు వదులుతుంది. ఆ ఆవిరికి గాలిలో తేమ కలిస్తే నైట్రిక్ యాసిడ్ అవుతుంది. మూత బిగించేస్తే ఆవిరి పోయే దారి లేక పిడి ఇంకా త్వరగా పాడవుతుంది, పక్కనున్న ఉక్కునీ తినేస్తుంది. తేమ రాకూడదని నేను బిగించిన రబ్బరు మూతే ఆ ఆవిరిని లోపల పట్టి ఉంచింది. అన్ని సెల్యులాయిడ్ పిడులూ ఇలా కావు, దశాబ్దాలు నిక్షేపంగా ఉన్నవీ ఉన్నాయి. కానీ ఏది ఎప్పుడు మొదలవుతుందో ముందుగా చెప్పలేం. లోపలికి చూపు పోయేంత పారదర్శకంగా ఉన్నవాటికి ఈ జబ్బు ఎక్కువ.

అక్కడితో ఆగినా బాగుండేది. ఏడుపు ఆపుకోలేక, ఆ సాయంత్రమే గరుకు ఎమరీ కాగితం తెచ్చి రుద్దడం మొదలుపెట్టాను. నూనె వేసి నాలుగు రోజులు నాననిచ్చి, మెత్తటి స్టీల్ ఊలుతో నెమ్మదిగా తియ్యాల్సిన తుప్పు అది. గంటసేపు రుద్దాక దీపం కిందకి తెచ్చి చూస్తే ముద్ర అరిగిపోయింది. షెఫీల్డ్‌లో చివరి మూడు అక్షరాలే మిగిలాయి. చాకు ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పేది ఆ ముద్రే. నీ దగ్గరున్న కేస్ అనే అమెరికా కంపెనీ చాకునే చూడు. 1970లో ముద్ర కింద పది చుక్కలతో మొదలుపెట్టి, ఏడాదికొక చుక్క తీసేస్తూ వచ్చారు. ఆ చుక్కలు అరిగితే దాని వయసు ఇంకెవరు చెప్పగలరు?

అందుకే నీ మీద కోపం వచ్చింది. అన్ని బ్లేళ్లూ అద్దంలా మెరిసేలా పాలిష్ పెట్టావట, అమ్మకి గొప్పగా చెప్పావట. ఎవరు పెట్టమన్నారు నిన్ను? కార్బన్ ఉక్కు వాడేకొద్దీ బూడిద రంగుకి, ఒక్కోచోట నీలానికి తిరుగుతుంది. ఆ పొర ఉంటే ఎర్ర తుప్పు అంత తేలిగ్గా పట్టదు. ఎర్రగా కనిపిస్తే తుడిచెయ్యి, బూడిద రంగుని వదిలెయ్యి. కీలులో మినరల్ ఆయిల్ ఒక చుక్క చాలు. వంటనూనె వద్దు, జిగురుకట్టి స్ప్రింగుని పట్టేస్తుంది. తోలు ఒరల్లో దాచకు, ఆ తోలులో మిగిలిన మందులు కూడా ఉక్కుని తింటాయి.

నెలకోసారి పెట్టె తెరిచి ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకో. తెరిచి, మూసి, టక్కుమంటోందో లేదో విను. వంతులవారీగా జేబులో వేసుకుని తిరుగు. నాన్న జేబులో ముప్పై ఏళ్లు బతికిన చాకు నా డబ్బాలో రెండేళ్లు బతకలేదు. గాజు మూత వెనక ఏడు చాకులు చూసి నా గుండె జారింది అందుకే. కొను, పోగు చెయ్యి, నేను వద్దనను. వాటిని అక్కడ పడుకోబెట్టెయ్యకు, అంతే.

తాతయ్య చాకు నా దగ్గరే ఉంది. చిన్న బ్లేడుకి రోజూ నూనె వేస్తూ ఆరు నెలలు ఓపిక పట్టాను, ఇప్పుడు కదులుతోంది. వచ్చే నెల నేను వచ్చేటప్పుడు తెచ్చి నీ చేతిలో పెడతాను. మీ అమ్మకి కూడా అప్పుడే నేనే చెప్పుకుంటాను, నువ్వు ముందుగా అనకు. గుంటలు పోవు, ముద్ర తిరిగి రాదు. పెద్ద బ్లేడు మాత్రం పదును పట్టింది, నిన్న రాత్రి దానితోనే పెన్సిలు చెక్కి ఈ ఉత్తరం రాశాను. చిన్న బ్లేడు స్ప్రింగు ఇంకా గట్టిగానే ఉంది. తెరిచేటప్పుడు గోరు విరిగేలా లాగకు, నేను పక్కనుండి చూపిస్తాను.

మీ మావయ్య