పాత కుట్టుమిషన్ చక్రం బిగుసుకుపోతే

ప్రశ్న: ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సింగర్ చేతి మిషన్ కొన్నాను. చక్రం కదలడం లేదు. కొబ్బరినూనె పోసినా అంతే. ఏం చేయాలి?
– పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: కొబ్బరినూనె ఇక వద్దమ్మా, అది బంకలా పట్టేస్తుంది. ముందు షటిల్ (కింది దారం కండె ఉండే భాగం) ఊడదీసి, ఇరుక్కున్న దారం ముక్కలు లాగేయండి. నూనె రంధ్రాల్లో రెండేసి చుక్కల కిరోసిన్ వేసి రాత్రంతా వదిలేయండి. బంగారు రంగు బొమ్మల మీద పడనివ్వకండి, చెరిగిపోవచ్చు. తెల్లారాక చక్రాన్ని మెల్లగా అటూ ఇటూ ఆడించండి, బలవంతం వద్దు. కదిలాక మిషన్ నూనె తప్పనిసరి. కిరోసిన్ మురికిని వదిలిస్తుందే గానీ అరుగుదలను ఆపదు.

కుట్టేటప్పుడు బట్ట కింద దారం ఉచ్చులు పడితే తప్పు సాధారణంగా బాబిన్‌ది (కింది దారం కండెది) కాదు, పైదారానిది. బట్టను అదిమి పట్టే ప్రెషర్ ఫుట్‌ను ఎత్తి, పైదారాన్ని మళ్లీ ఎక్కించండి. అప్పుడే దారం, దాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకు దిగుతుంది.